బొగ్గుతో కడిగేది చెరువునా.. పాపాన్నా?

చచ్చి తేలిన చేప అందరికీ కనిపిస్తుంది. 2017లో పటాన్‌చెరు పక్కన గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు అది వార్త అయింది. నాలుగు రోజులు అందరూ మాట్లాడుకున్నారు, తర్వాత మరిచిపోయారు. మరి చావకుండా బతికి, బరువు పెరిగి, వలలో పడి, తట్టకెక్కి, అంగడికొచ్చి, మన కూరగిన్నెలోకి చేరిన చేప సంగతేమిటి? దాని ఒంట్లో సీసం ఉందో, కాడ్మియం ఉందో చూసిందెవరు? నీళ్ళలో ఊపిరాడక చచ్చిన చేప తన చావుతో మనల్ని హెచ్చరిస్తుంది. భార లోహాలను మింగి బతికిన చేప ఏమీ చెప్పదు. రంగు మారదు, వాసన రాదు, రుచి పోదు. ఎంత ఉడికించినా, ఎంత చింతపులుసు పోసినా లోహం ఆవిరై పోదు.

ఈ మధ్య ఆ లోహాల విరుగుడుగా ఒక మాట బాగా వినపడుతున్నది. ఆ మాట బయోచార్. పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు, వరి ఊక వంటివాటిని గాలి సరిగ్గా ఆడని పొయ్యిలో మాడ్చి తీసిన బొగ్గు. దీన్ని చేపల కుంటల్లో వాడితే నీళ్ళలోని లోహాలను పట్టేసుకుంటుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అది నిజమే. అయితే ఎంత నిజం, ఎక్కడ నిజం, ఎవరి ఖర్చుతో నిజం అన్నది తేల్చుకోకుండా చప్పట్లు కొడితే మళ్ళీ మోసపోయేది చెరువును నమ్ముకున్న ముదిరాజులు, గంగపుత్రులు, ఆ చేపను తినే మనమే.

ముందు రోగం సంగతి చూద్దాం. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 1970ల నుంచి పరిశ్రమలు వచ్చాయి. ఉద్యోగాలొస్తాయని భూములిచ్చిన ఊళ్ళకు ముందుగా అందింది రంగు నీళ్ళు. నక్కవాగు, ఇసుకవాగు మురికి కాలువలయ్యాయి. నక్కవాగు పోయి కలిసేది మంజీరలో. 1990లోనే ఈ గోడు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు లాంటివాళ్ళు రోగుల నాడి పట్టుకున్న చేత్తోనే వినతిపత్రాలు రాసి ఏండ్లకేండ్లు కొట్లాడారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత అక్కడి నీళ్ళను పైపులైను వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం వైపు మళ్ళించారు. అంటే మంజీర కష్టాన్ని మూసీకి పంచారు! 2001లో మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మట్టి మీద చేసిన అధ్యయనం అచ్చయింది. క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం, జింక్, రాగి ఆ మట్టిలో మోతాదు మించి ఉన్నాయని అది తేల్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా ప్రకటిస్తే పటాన్‌చెరు, బొల్లారం అందులో ఉన్నాయి. కాబట్టి ఇది ఎవరో గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారు కాదు. సర్కారు కాగితాల్లో ఉన్న సత్యం.

మట్టిలో పడ్డ లోహం మట్టిలోనే ఉంటే కొంత నయం. వాన పడితే వాగులోకి, వాగు నుంచి చెరువులోకి, చెరువు అడుగు బురదలోకి చేరుతుంది. బురదలోని పురుగు దాన్ని తింటుంది. పురుగును బంగారు తీగ తింటుంది. చిన్న చేపను కొర్రమట్ట మింగుతుంది. సీసం, కాడ్మియం చేప కండలో కంటే మొప్పల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, ఎముకల్లో ఎక్కువగా పేరుకుంటాయి. పాదరసం తీరు వేరు. అది కండలోకే ఎక్కుతుంది, ఒక చేపను ఇంకో చేప తిన్న కొద్దీ పెరుగుతుంది. చేపలో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. ఉన్నోడు ముల్లు తీసిన కండ ముక్కలు కొనుక్కుంటాడు. లేనోడు చిన్న చేపలను పేగులు తీయకుండా, ముల్లుతో సహా వండుకుంటాడు. విషం పంపకంలో కూడా పేదోడికే పెద్ద వాటా!

ఇక్కడ మత్స్యకారుడి అవస్థ మనం అర్థం చేసుకోవాలి. చెరువులో లోహాలున్నాయని నోరు విప్పితే మర్నాడు అతని తట్ట దగ్గరికి ఒక్కడు రాడు. ధర పడిపోతుంది. మంచి చెరువు చేప కూడా అమ్ముడుపోదు. నోరు మూసుకుంటే తన పిల్లలతో సహా ఊరంతా అదే తినాలి. నిజం చెప్పినా నష్టం, చెప్పకున్నా నష్టం. కాలుష్యం చేసినవాడు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనిపించడు. సంఘం కట్టుకుని, చెరువు పాడుకుని, వల నేసుకుని బతికేవాణ్ణి ఈ బోనులో నిలబెట్టింది ఎవరు?

ఈ పరిస్థితిలో చౌకలో దొరికే విరుగుడు ఏదైనా సరే, దాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. బొగ్గుతో నీళ్ళు వడగట్టడం మనకు కొత్త కాదు. కుండ మీద కుండ పెట్టి, ఇసుక పోసి, బొగ్గు పోసి నీళ్ళు వడగట్టిన ఇళ్ళు ఎన్నో. బయోచార్ ఆ బొగ్గుకు లెక్కా పత్రం ఉన్న రూపం. గాలి తక్కువగా ఆడేటట్టు చూసి, దాదాపు 300 నుంచి 700 డిగ్రీల వేడిలో మాడిస్తే కట్టె బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది. పది కిలోల కట్టెకు రెండున్నర, మూడు కిలోల బొగ్గు వస్తుంది. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు. ఒక్క గ్రాము బొగ్గులోని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే పదుల నుంచి వందల చదరపు మీటర్లు అవుతుంది. ఆ గోడలకు ఎక్కువగా రుణావేశం ఉంటుంది. సీసం, కాడ్మియం, రాగి, జింక్ నీళ్ళలో ధనావేశంతో తిరుగుతాయి. అందుకే వచ్చి అతుక్కుంటాయి. బొగ్గులోని బూడిద లవణాలతో కలిసి కొంత లోహం గట్టిపడి కూడా నిలిచిపోతుంది. ఈ బొగ్గు తయారీకి విదేశీ యంత్రాలు అక్కర్లేదు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, పాత నూనె డ్రమ్ములతోనే చేసుకోగల బయోచార్ పొయ్యిని తయారు చేసి చూపింది. పత్తి ఏరినంక చేనులోనే తగలబెట్టే కట్టె మన దగ్గర ఎంతుందో చెప్పనక్కరలేదు.

అయితే బొగ్గు అన్ని లోహాలకూ ఒకే మందు కాదు. సీసాన్ని బాగా పడుతుంది. కాడ్మియం, రాగి విషయంలో కూడా పనికొస్తుంది. కానీ ఆర్సెనిక్ నీళ్ళలో ఎక్కువగా రుణావేశంతో ఉంటుంది కాబట్టి మామూలు బొగ్గు దాన్ని సరిగ్గా పట్టదు. ఇనుప లవణాలు పట్టించిన బొగ్గు కావాలి. విషపూరితమైన ఆరో రకం క్రోమియంది కూడా అదే పేచీ. బొగ్గు దాన్ని కొంతవరకు తక్కువ విషమున్న మూడో రకంగా మార్చగలదు, అదీ నీళ్ళ పులుపును బట్టి. పటాన్‌చెరు మట్టిలో దొరికినవాటిలో ఈ రెండూ ఉన్నాయని మరవొద్దు. ఇంకో సంగతి. ప్రయోగశాలలో ఒక గ్లాసు శుభ్రమైన నీళ్ళలో ఒక్క లోహం వేసి చూస్తారు. మన వాగు నీళ్ళలో ఉప్పులు, సబ్బులు, మురుగు, మందుల కంపెనీల అవశేషాలు అన్నీ కలిసి ఉంటాయి. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో యాంటీబయాటిక్ మందులు ఎన్నడూ చూడనంత మోతాదులో ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రపంచానికి చాటారు. ఇవన్నీ ఆ బొగ్గు రంధ్రాల కోసం పోటీ పడతాయి. గ్లాసులో గెలిచిన బొగ్గు వాగులో గెలవాలని లేదు.

ఇగ లెక్క చూద్దాం. ఒక ఎకరం కుంటలో మీటరున్నర లోతు నీళ్ళుంటే సుమారు 60 లక్షల లీటర్లు. లీటరుకు ఒక్క గ్రాము బొగ్గు వేయాలన్నా ఆరు టన్నులు కావాలి. నూరెకరాల చెరువుకైతే ఆరు వందల టన్నులు. దానికి రెండు వేల టన్నులకు పైగా కట్టె మాడ్చాలి. పైగా వాన పడ్డప్పుడల్లా వాగు మళ్ళీ లోహాన్ని తెచ్చి పోస్తుంది. కాబట్టి ఊరి చెరువు మొత్తాన్ని బొగ్గుతో కడుగుతామని ఎవరైనా టెండరు పిలిస్తే అది చెరువు కోసం పిలిచిన టెండరు కాదని తెలుసుకోవాలి.

మరి బొగ్గుకు చోటెక్కడ? మొదటిది, చేపపిల్లలను పెంచే చిన్న కుంటలు. లోహాల దెబ్బ ముందుగా తగిలేది గుడ్డుకు, పిల్లకు. అక్కడ నీళ్ళు తక్కువ, లోపలికొచ్చే దారి ఒక్కటే. ఆ దారిలో ఇసుకతోపాటు బొగ్గు పొరను పెట్టి వడగట్టొచ్చు. రెండోది, మడుగుల్లో, సిమెంటు తొట్లలో, నీళ్ళు తిప్పి వాడే పద్ధతుల్లో చేపలు పెంచేవాళ్ళు. వాళ్ళు బొగ్గును సంచుల్లో నింపి నీటి దారిలో ఉంచి, నిండినంక తీసి మార్చొచ్చు. మూడోది, చిన్న కుంటల అడుగు బురద. బురదలో కలిపిన బొగ్గు లోహాన్ని మాయం చేయదు గానీ పురుగు నోటికి, చేప నోటికి తేలిగ్గా అందకుండా కట్టేస్తుంది. ఈ మూడు చోట్ల మన సహకార సంఘాలు శాస్త్రవేత్తల సాయంతో వాడి చూడొచ్చు. వాడకముందు ఎంత, వాడినంక ఎంత అన్నది చేప ఒంట్లోనే కొలవాలి. నీళ్ళలో తగ్గితే సరిపోదు, తినే చేపలో తగ్గాలి.

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. చాలా రకాల బొగ్గు నీళ్ళ క్షారాన్ని పెంచుతుంది. మధ్యాహ్నం పూట పాచి ఎక్కువున్న కుంటల్లో అది ముందే ఎక్కువుంటుంది. క్షారం పెరిగితే చేపల విసర్జనలోని అమ్మోనియా విషంగా మారుతుంది. సీసం నుంచి కాపాడబోయి అమ్మోనియాతో చంపుకున్నట్టవుతుంది. మెత్తటి బొగ్గు పొడి చేప మొప్పల్లో ఇరుక్కుంటుంది. అందుకే కడిగి, జల్లించి, ముక్కలుగానే వాడాలి. పెయింటు వేసిన కట్టె, ప్లాస్టిక్ కలిసిన చెత్త మాడ్చి తీసిన బొగ్గు అసలే వద్దు. గుర్రపుడెక్క ఎట్లాగూ ఉంది కదా, దాన్ని మాడ్చి అదే చెరువులో వేద్దామని కొందరు తెలివి చెబుతారు. మురికి చెరువులోని గుర్రపుడెక్క అప్పటికే లోహాలను తాగి ఉంటుంది. దాన్ని మాడిస్తే ఆ లోహాల్లో ఎక్కువ భాగం బొగ్గులోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది!

అన్నింటికంటే పెద్ద ప్రమాదం వాడేసిన బొగ్గుతోనే. బయోచార్ పొలానికి మంచిదని రైతులు విన్నారు. శుభ్రమైన బొగ్గు సంగతి అది. లోహం పట్టిన బొగ్గును తెచ్చి మిరప మడిలో, వరి మడిలో చల్లితే చెరువు విషాన్ని గంపకెత్తుకుని పొలానికి తెచ్చుకున్నట్టే. లోహం చావదు, చోటు మారుతుందంతే. వాడిన ప్రతి కిలో బొగ్గుకూ లెక్క ఉండాలి. అది దుండిగల్ దగ్గరున్నట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. పూడిక మట్టికీ ఇదే మాట వర్తిస్తుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనంక చెరువుల పూడిక బంగారమని పొలాలకు తోలుకున్నాం. మంచి చెరువు పూడిక నిజంగా బంగారమే. పరిశ్రమల కింది చెరువు పూడికను మాత్రం పరీక్ష చేయకుండా ఒక్క ట్రాక్టరు కూడా తోలొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. శుద్ధి యంత్రం చూపించి పాపాన్ని కప్పిపుచ్చుకోవడం లోకంలో కొత్త కాదు. జపాన్‌లోని మినమాటాలో చేపలు తిన్న జాలరి కుటుంబాలకు కాళ్ళూ చేతులూ వంకర్లు పోయి, మాట పడిపోయి, పిచ్చెత్తినట్టయిన రోగం 1956లో అధికారికంగా బయటపడింది. కారణం చిస్సో అనే రసాయన కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం. 1959లో జాలర్లు తిరగబడితే ఆ ఏడాది చివర్లో కంపెనీ సైక్లేటర్ అనే శుద్ధి యంత్రం పెట్టింది. ఆర్భాటంగా ప్రారంభించింది. ఆ యంత్రం పాదరసాన్ని తొలగించడానికి పనికిరానిదని, ఆ సంగతి కంపెనీకీ తెలుసని తర్వాత కోర్టుల్లో తేలింది. జనం మాత్రం గండం గడిచిందనుకుని మళ్ళీ చేపలు తిన్నారు. ఆ విష జలాలు ఆగింది 1968లో! ఆ మధ్య కాలంలో తల్లి కడుపులోనే విషం తాగి పుట్టిన పిల్లలకు ఎవరు జవాబు చెప్పగలరు?

బయోచార్ మనకు సైక్లేటర్ కాకూడదు. ఒక చేత్తో రాత్రిపూట వాగులోకి పైపు వదిలి, రెండో చేత్తో నాలుగు బస్తాల బొగ్గు పంచి ఫొటో దిగే పెద్దమనుషులు రేపు రావచ్చు. కాలుష్యం చేసినవాడే దాన్ని బాగు చేసే ఖర్చు భరించాలని రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి బొగ్గు ఖర్చు సంఘం మీద పడొద్దు, సర్కారు ఖజానా మీద కూడా పడొద్దు. లోహం వదిలినవాడే బొగ్గు కొనాలి, వాడేసిన బొగ్గును వాడే తీసుకుపోవాలి, చేప అమ్ముకోలేని కాలానికి మత్స్యకారుడి కూలీ వాడే కట్టాలి. పైపు బంద్ చేయడం మొదటి పని. బొగ్గు రెండో పని. ఈ వరుస తారుమారు చేయనివ్వొద్దు.

తెలంగాణ అంటేనే చెరువులు. 46 వేలకు పైగా చెరువులు, కుంటలున్న నేల ఇది. నీళ్ళ వాటా కోసం తరాలు కొట్లాడాం. టీఎంసీల లెక్క చిన్న పిలగాడు కూడా చెప్పేటంతగా చదువుకున్నాం. 2014లో రాష్ట్రం వచ్చింది. 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలారు, కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. మంచిదే. కానీ ఎన్ని నీళ్ళన్న లెక్క నేర్చిన మనం ఆ నీళ్ళలో ఏముందన్న లెక్క నేర్వలేదు. చేపపిల్లలను లెక్కపెట్టి వదలడం తెలిసిన సర్కారుకు, ఆ పిల్లలు పెరిగే బురదను పరీక్ష చేయడం ఎందుకు తెలియదు?

అడగాల్సినవి నాలుగే. పరిశ్రమల కింద, మూసీ కింద ఉన్న ప్రతి చెరువులో చేపపిల్లలు వదిలే ముందు నీళ్ళను, బురదను, పాత చేపను పరీక్ష చేయాలి. ఆ ఫలితాన్ని తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. లోహాలు తేలిన చోట మత్స్యకారులకు నష్టపరిహారం ఇచ్చి, పరిశ్రమ నుంచి వసూలు చేయాలి. క్రీడా శాస్త్రవేత్తలు, పెబ్బేరు మత్స్య కళాశాల, సహకార సంఘాలు కలిసి బయోచార్‌ను చిన్న కుంటల్లో వాడి చూసి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా జనం ముందు పెట్టాలి.

విద్యార్థులు ఊరికే చూస్తూ ఉండొద్దు. ఉస్మానియాలో, కాకతీయలో రసాయన శాస్త్రం, జంతు శాస్త్రం చదివేవాళ్ళున్నారు. ప్రాజెక్టు పనికి ఎక్కడి పాఠమో దించి రాసే బదులు మీ ఊరి చెరువు బురదను తీసుకుపోయి కొలవండి. ఆ కాగితం మార్కులకూ పనికొస్తుంది, మీ ఊరికీ పనికొస్తుంది. కాలుష్య మండలిలో, మత్స్య శాఖలో పనిచేసే ఉద్యోగులారా! నమూనా తీసేది మీరే, సంతకం పెట్టేది మీరే. పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా అంకెను మార్చకండి. ఆ చేప రేపు మీ ఇంటి పళ్ళెంలోకి కూడా వస్తుంది.

బొగ్గు నల్లనిదే గానీ దాని పని తెల్లనిది. తనకు అంటిన విషాన్ని దాచదు, కొలిస్తే చూపిస్తుంది. పరిశ్రమలూ, పాలకులూ ఆ మాత్రం నిజాయితీ చూపిస్తే చాలు. చూపించకపోతే చూపించేటట్టు చేయడం జనం పని. నీళ్ళను అడిగి తెచ్చుకున్న జనానికి మంచి నీళ్ళను అడగడం చేతకాదా?